కల్వర్టు మలుపులో కొత్త బండి

ఆ కల్వర్టు మలుపుకి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక అక్కడ బైకు వెనక ఎవరో ఎక్కి కూర్చుంటారని, ఆడగొంతు వినిపిస్తుందని చెప్పుకుంటారు. నేను నవ్వేసేవాణ్ణి. మా బైకుల షెడ్డు మేస్త్రీ తన సంగతి చెప్పాక మాత్రం... ఆ దారిన పోవాలంటే మనసొప్పడం లేదు.

ఎనిమిదేళ్ల క్రితం మేస్త్రీ భార్య పోయింది అక్కడే. బండి ఆయనే నడుపుతున్నాడు. కుక్క అడ్డొచ్చిందన్నాడు. ఆనాటి నుంచీ అందరి బళ్లూ బాగుచేశాడు గానీ, ఒక్కటీ ఎక్కి ఊరు దాటలేదు.

మొన్న కూతురు ఓ పెద్ద టూరింగ్ బైకు కొనుక్కుంది. కొండలెక్కే రకం. ఆఫీసులో సెలవు దొరక్క, "నువ్వే తీసుకురా నాన్నా" అంది. తల్లి లేని పిల్ల... కాదనలేకపోయాడు.

షోరూం వాడు స్విచ్చులూ, హెల్మెట్టూ చూపించబోయాడు. "ముప్ఫై ఏళ్లుగా బళ్లు విప్పుతున్నాను, నాకా చెప్పేది?" అని హెల్మెట్టు తలకి తగిలించుకుని తాళం లాక్కున్నాడు. మా మేస్త్రీతో వచ్చిన చిక్కే అది.

సీటు ఎత్తు. మునివేళ్లు తప్ప నేలకి ఆనలేదు. మీద పడుతుందేమో అనుకున్నాడు. కదిలిందో లేదో — ఆ బరువంతా ఏమైపోయిందో! గుంతలు చక్రాలకి తెలిశాయి గానీ నడుముకి తెలీలేదు. ముందున్న అద్దం గాలిని తలమీదుగా తోసేస్తోంది. యాక్సిలరేటర్ కాస్త తిప్పితే చాలు, దూకుతోంది. చాలా ఏళ్లకి మనిషికి హుషారొచ్చింది. వెంటనే సిగ్గూ వేసింది.

చీకటి పడింది. కల్వర్టు దగ్గరపడింది...

లైటు మలుపు మీద పడింది. అప్పుడు — చెవి పక్కనే, ఊపిరి.

"మెల్లగా..."

ఆమె గొంతే. ఆ రోజూ ఆమె అదే మాట అంది.

బండి ఆపాడు. వెనక్కి చూసే ధైర్యం లేదు.

"నువ్వేనా?"

చెవిలో గరగర... మధ్యలో ఊపిరి.

"కుక్కా లేదు, నక్కా లేదే," అన్నాడు గొణుగుతూ. "వెనక బ్రేకు అరిగిపోయిందని నాకు తెలుసు. అందరి బళ్లకీ కొత్తవి వేశాను. మన బండికి మాత్రం రేపు, రేపు అంటూ... నేనే చంపుకున్నాను నిన్ను. అమ్మాయికి చెప్పకే. అది కూడా నన్ను వదిలేస్తే బతకలేను."

ఏడుపు వినిపించింది. ఆడమనిషి ఏడుపు. టక్కున ఆగిపోయింది.

ఇల్లు చేరేసరికి ఒళ్లు తేలికైపోయిందట. ఎన్నాళ్ల భారమో దింపేసుకున్నాననుకున్నాడు.

గుమ్మంలో కూతురు. చేతిలో ఫోను. కొత్త బండివైపు చూడనే లేదు.

"ఆ హెల్మెట్‌లో స్పీకరూ మైకూ ఉన్నాయి, నీ ఫోనుకి కలిపిమ్మన్నాను నాన్నా. ఫోను వస్తే దానంతటదే ఎత్తుతుంది. షోరూం వాడు చెప్పలేదా?"

మేస్త్రీ హెల్మెట్టు విప్పి దానివైపు చూశాడు.

"ఈపాటికి మలుపు దగ్గరుంటావు, మెల్లగా రమ్మందామని ఫోను చేశాను." గొంతు అచ్చం తల్లిదే. "నేనే నాన్నా, నేనే అన్నాను. నా మాట నీకు వినపడలేదు. నీ మాటలన్నీ నాకు వినపడ్డాయి."

చేతిలో ఫోను కిందికి దించింది.

"నల్ల కుక్కన్నావు కదా నాన్నా... రంగు కూడా చెప్పావు."