మనవల తాళం

లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. లోపల ల్యాబ్ అసిస్టెంట్ అద్దానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. చేతిలో కాఫీ కప్పు ఒలకకుండా ఉంది.

"కొంచెం జరుగుతారా?" అంది ఎక్కబోయిన నర్సు.

అతను జరగలేదు. నర్సు భుజం తట్టింది. మనిషి నిలువునా పక్కకు ఒరిగి కూలిపోయాడు. మెడ వెనక, కాలరు కింద, దోమ కుట్టినంత ఎర్రటి చుక్క.

అతను ల్యాబ్ అసిస్టెంట్ కాదు, నిఘా డిపార్ట్‌మెంట్ మనిషి. చనిపోయే ముందు మింగిన మెమరీ కార్డు పోస్ట్‌మార్టమ్‌లో బయటపడింది. మర్నాడు ఉదయానికి అందులోని సమాచారం చీఫ్ గదిలో స్క్రీన్ మీద వెలుగుతోంది.

ఎదురుగా కూర్చున్న ఏజెంటును ఆఫీసులో అందరూ పిల్లి అంటారు. నడిచినా, నవ్వినా చప్పుడు ఉండదు మరి.

"అద్దాల బిల్డింగులో ఫెర్టిలిటీ సెంటర్," అన్నాడు చీఫ్. "నీకు తెలిసిందేగా."

తెలుసు. అక్కను అక్కడికి తీసుకెళ్లింది తనే. సెంటర్ మీద నిఘా పెట్టడానికి పైకి ఒక సాకు కావలసి వచ్చింది. నిజమైన పేషెంటు ఉంటే రాకపోకలు సులువన్నాడు చీఫ్. అక్కకు పెళ్లయి చాలా ఏళ్లయినా పిల్లల్లేరు. కావాలని కనలేదు. అక్కాతమ్ముళ్ల రక్తంలోనే ఒక జబ్బు ఉంది. ఆఖరి తమ్ముణ్ని స్కూలు వయసులోనే మింగేసింది. ఆ మంచం పక్కన కూర్చున్న అక్క మళ్లీ అలాంటి మంచం పక్కన కూర్చోలేనని ఒట్టు పెట్టుకుంది.

"అక్కడ జబ్బు లేకుండా చేసి మరీ బిడ్డనిస్తారట అక్కా," అని పిల్లి చెప్పినప్పుడు ఆమె అతని చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. "నా గురించి ఇంతగా ఆలోచించేది నువ్వొక్కడివేరా."

అప్పటి నుంచీ అతనికి అక్క ముఖంలోకి సూటిగా చూడటం చేతకావడం లేదు.

"జబ్బు తీసేస్తున్నారు, అది నిజమే," చీఫ్ కొనసాగించాడు. "పిండం దశలోనే జీన్ ఎడిటింగ్ చేస్తున్నారు. ఆ మార్పు బిడ్డతో ఆగదు. వాళ్ల పిల్లలకూ, ఆ పిల్లల పిల్లలకూ వెళ్తుంది."

"అందులో తప్పేముంది సార్?"

"తప్పు రెండో మార్పులో ఉంది. అది ఎవరికీ చెప్పట్లేదు. ఈ పిల్లలు శుభ్రంగా పెరుగుతారు. కానీ పెద్దయ్యాక వాళ్లకు సంతానం కలగాలంటే ఒక ఇంజెక్షన్ కావాలి. దాన్ని తయారుచేసేది సరిహద్దు అవతలి సిండికేట్ ఒక్కటే."

"అంటే..."

"అంటే మన మనవలు పుట్టాలో వద్దో వాళ్లు తేలుస్తారు. ఎవరి వంశం నిలవాలో, ఎవరిది ఆగిపోవాలో కూడా."

పిల్లి స్క్రీన్ వైపు తిరిగాడు. "మా అక్క పిండాలు కూడా..."

"అన్నీ అలా మార్చినవే. సిండికేట్ మార్పించిన మిగతా పిండాల స్టాకుతో పాటు బేస్‌మెంట్ ట్యాంకులో ఉన్నాయి. మధ్యాహ్నం కోల్డ్ వ్యాన్ వస్తుంది. అది బయల్దేరిందంటే ప్రతి ఊరి క్లినిక్‌కీ స్టాకు చేరిపోతుంది. వారెంటు తెచ్చేంత టైం లేదు."

చీఫ్ బల్ల మీద పెన్నులాంటి స్టీలు కడ్డీ పెట్టాడు. "హీట్ స్టిక్. పేలదు. ట్యాంకులో పడేస్తే లోపలి లిక్విడ్ నైట్రోజన్ మరిగిపోతుంది. చలి పోయాక స్టాకంతా చెత్తే. లోపల మన మనిషి ఉంది, పిండాల డాక్టరు, ఎంబ్రియాలజిస్టు. తలుపు ఆమె తీస్తుంది."

"ముందు అక్కకు ఒక్క ఫోన్ చేస్తాను సార్."

"చేస్తే ఆవిడ కంగారుపడి సెంటర్‌కి చేస్తుంది. పనయ్యాక చెయ్యి."

పిల్లి సెల్‌ఫోన్ జేబులో పెట్టేశాడు. తర్వాత ఎప్పుడు తల్చుకున్నా ఆ క్షణం దగ్గరే అతని మనసు చిక్కుకుపోయేది. ఒక్క ఫోన్ చేసి ఉంటే!

*

గ్యాస్ కంపెనీ మెకానిక్ బేస్‌మెంట్‌లోకి దిగాడు. బూడిదరంగు యూనిఫాం, గుబురు మీసం, చెవిలో వినికిడి యంత్రం. ఆ యంత్రంలోంచి వినపడేది చీఫ్ గొంతు.

కారిడార్ చివర్నుంచి ఎంబ్రియాలజిస్టు వచ్చింది. తెల్లకోటు, ఎర్ర హీల్స్, మెడ మీద వదులుగా ముడేసిన జుట్టు. ఆమె నడుస్తుంటే ట్రాలీలు తోసేవాళ్లు గోడలకు గుద్దుకుంటున్నారు.

"ఇక్కడ చలెక్కువే," అన్నాడు పిల్లి.

"కోటు మర్చిపోయినవాళ్లకే," అంది ఆమె. కోడ్ సరిపోయింది.

ఆమె స్కానర్‌కు కన్ను ఆనించింది. కోల్డ్ రూమ్ తలుపు తెరుచుకుంది. మధ్యలో నడుమెత్తు ట్యాంకు. పిల్లి మూత పైకెత్తాడు. తెల్లటి ఆవిరి అంచుల మీదుగా నేలకు జారింది. హీట్ స్టిక్ తీసి మీట నొక్కాడు. వెనక క్లిక్‌మని చప్పుడైంది.

ఆమె చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్తోలు.

"లిఫ్టులో అతన్ని..." అన్నాడు పిల్లి.

"నేనే. నొప్పి తెలియనివ్వలేదు."

"మా మనిషివనుకున్నాం."

"సిండికేట్ వాళ్లూ అలాగే అనుకుంటున్నారు." ఆమె నవ్వలేదు. "నాది ఏ దేశమూ కాదు. పుట్టబోయేవాళ్ల పక్షం. పరిణామం ఇన్ని యుగాలూ గుడ్డిగా తడుముకుంటూ నడిచింది. కాళ్ల కింద ఎంతమంది పిల్లలు నలిగిపోయారో దానికి తెలియదు. ఇప్పుడు మొదటిసారి దానికి కళ్లొచ్చాయి. మీ తమ్ముడెలా పోయాడో మీ అక్క నాకు చెప్పింది. ఇంకే ఇంట్లోనూ అలా జరగక్కర్లేదు."

పిల్లికి ఆసుపత్రి మంచం కళ్లముందు కదిలింది. సూది గుచ్చడానికి చోటు దొరకని సన్నటి చేతులు. "అన్నా, ఈ చెయ్యి వద్దు, నిన్ననే గుచ్చారు." ఆ రోజు ఇంకో చెయ్యి పట్టుకుని చాపించింది తనే.

ఆమె మాట తప్పని అతనికి అనిపించలేదు. అదే అతన్ని భయపెట్టింది.

"బండి నడపడం నేర్చుకున్నాం, సరే," అన్నాడు. "తాళంచెవి ఎవడి జేబులోనో ఉంటే పిల్లల్ని అందులో ఎలా ఎక్కిస్తావు?"

"తాళం నేను విప్పుతాను. కొంత టైం కావాలి."

"విప్పలేకపోతే?"

ఆమె కళ్లు ఒక్కసారి పక్కకు తిరిగాయి. అతనికి అది చాలు. ఆమెకు అర్థమైపోయి గొంతు మార్చింది.

"మీ అక్క ఇప్పుడు పైన థియేటర్లో ఉంది. డైరెక్టర్ పొద్దున్నే పిలిపించాడు. మొదటి పిండం ఆవిడకే. ఆ స్టిక్ కింద పెట్టి పరిగెత్తు, నిన్ను ఆపను. ట్యాంకా, అక్కా, తేల్చుకో."

పిల్లి పైకప్పు వైపు చూశాడు. చేతిలో కడ్డీ వేడెక్కి చర్మం చుర్రుమంటోంది. ఈ ట్యాంకులో అక్క పిండాలే కాదు, ఎందరో దంపతుల ఆశలున్నాయి. వాళ్లెవరికీ తన పేరు కూడా తెలియదు.

కడ్డీని లోపలికి వదిలేశాడు.

పిస్తోలు దగ్గింది. ఎడమ భుజంలో నిప్పు దిగినట్టయింది. అప్పటికే ట్యాంకు బుసకొడుతూ గదంతా తెల్లటి ఆవిరి కక్కింది. ఎదుటి మనిషి కనపడటం లేదు. రెండో గుండు గోడలో దిగింది. పిల్లి గుర్తున్న దిక్కుకు దూకి తలుపులోంచి బయటపడ్డాడు. మెట్లు మూడేసి చొప్పున ఎక్కుతుంటే మోచేతి నుంచి రక్తం కారుతోంది.

థియేటర్ తలుపు కుడి భుజంతో తోశాడు. బల్ల మీద అక్క, మోకాళ్ల మీదుగా పచ్చటి గుడ్డ. మెలకువగానే ఉంది. పక్క స్క్రీన్ వైపు ఆశగా చూస్తోంది. మాస్కు వేసుకున్న డైరెక్టర్ పిండం ఉన్న సన్నటి గొట్టంతో వంగి, వెనక సిరంజి మీద బొటనవేలు ఆనించి ఉన్నాడు. ఆ వేలు కదలబోతుండగా పిల్లి అతని మణికట్టు పట్టుకుని వెనక్కి లాగాడు.

గొట్టం నేలమీద పడింది. పెనుగులాటలో ఎవరి కాలి కిందో పటుక్కుమంది. అది డైరెక్టర్ బూటా, తనదా? అతనికి ఇప్పటికీ తెలియదు.

డైరెక్టర్‌ను గోడకు అదిమిపెట్టేసరికి అక్క మోచేతుల మీద పైకి లేచింది. పిల్లి మీసం ఒక పక్క ఊడి వేలాడుతోంది.

"నువ్వేంట్రా?" అంది. "ఆ మీసమేంటి? ఆ రక్తమేంటి? ఏం చేశావురా?"

చెవిలో చీఫ్ గొంతు వినపడింది. "వ్యాన్ ఖాళీగా దొరికింది. ఆ ఆవిరికి ఊపిరాడక డాక్టరమ్మ స్పృహ తప్పి దొరికింది, బతుకుతుంది. శభాష్ రా!"

పిల్లి ఆ యంత్రాన్ని పీకేసి జేబులో వేసుకున్నాడు.

*

రికవరీ రూమ్‌లో అతని భుజానికి కట్టు కట్టారు. అక్క చీకట్లో దారి తప్పిన మనిషిలా గోడవైపు చూస్తూ అంతా విన్నది.

"నన్నిక్కడికి తెచ్చినప్పుడే నీకు తెలుసా?"

అబద్ధం ఆడటంలో అతను డిపార్ట్‌మెంట్‌లోనే మొనగాడు. అక్క చెప్పులు బెడ్ కింద జతగా, బుద్ధిగా ఉన్నాయి. వాటినే చూస్తూ అన్నాడు. "మొత్తం తెలియదు. అనుమానం ఉంది."

"అనుమానం ఉన్న చోటికి నన్ను తెచ్చావు."

"అవునక్కా."

"ఇంకేమైనా మిగిలాయా?"

"లేవు."

ఆమె దుప్పటి అంచును మడుస్తూ, విప్పుతూ ఉంది.

"మీ బావకు నువ్వే చెప్పు," అంది చివరికి. "నాకు ఓపిక లేదు."

బావ కింద లాబీలో కూర్చుని ఉన్నాడు, పక్కన స్వీట్ల పెట్టెతో. చెబుతుండగా మధ్యలోనే లేచి, పెట్టెను కుర్చీలోనే వదిలేసి వెళ్లిపోయాడు. ఆ పెట్టెను ఏం చేయాలో తోచక పిల్లి చాలాసేపు దాని పక్కనే కూర్చున్నాడు.

కొన్ని నెలలకు అక్క ఫోన్ చేసింది. గొంతులో కోపం లేదు, పాత చనువూ లేదు.

"పాపను దత్తత తీసుకుంటున్నాం. మా తరఫున ఎవరైనా నమ్మకస్తుడు వచ్చి హామీ ఇవ్వాలట."

"ఎప్పుడు రమ్మంటావక్కా?"

"నిన్ను కాదురా. మీ బావ స్నేహితుడు వస్తున్నాడు. వేరేవాళ్ల నోట వింటే బాధపడతావని చెప్పాను. పాప ఇంటికొచ్చాక చూడ్డానికి రా. ఫోన్ చేసి రా."

ఆ సాయంత్రమే డిపార్ట్‌మెంట్ అతని సెక్యూరిటీ క్లియరెన్స్‌ను, రహస్యాలు చూసే అనుమతిని, ఇంకో మెట్టు పెంచింది. ఎందుకని అడిగితే చీఫ్ తలెత్తకుండానే చెప్పాడు: "కళ్లు మూసుకుని నమ్మదగ్గ మనిషివి నువ్వొక్కడివేనోయ్."