గట్టు కింది అల్మారా తలుపు

ఆ వడ్రంగి మేస్త్రీ చెయ్యి పడితే ఎంత మొండి తలుపైనా నోరు మూసుకుంటుందని పేరు. అందుకే టీచరమ్మ ఫోన్ చేసి, వంటగది గట్టు కింది అల్మారా తలుపు బందు వదులైంది, ఇప్పటికి ముగ్గురు బిగించినా నిలవలేదంటే, "నాలుగోవాడితో సరిపోతుంది లెండమ్మా" అని నవ్వాడు. మధ్యాహ్నం భోజనం కాగానే సంచి పట్టుకుని వెళ్ళాడు.

బయట ముసురు. కరెంటు లేదు. ఆ ఇంట్లో ఆవిడ ఒక్కతే ఉంటుంది. వంటగది కళ్ళకద్దుకునేలా ఉంది. కడిగిన గిన్నెలన్నీ వరసగా బోర్లించి ఉన్నాయి. ఆ ఒక్క తలుపే తాగినవాడిలా పక్కకి ఒరిగి వేలాడుతోంది.

"ఇందులో ఏం పెట్టుకుంటారమ్మా?"

"ఏమీ పెట్టను," అందావిడ. హాల్లో ఫోన్ మోగితే వెళ్ళిపోయింది.

మేస్త్రీ సెల్‌ఫోన్ లైటు వేసి పక్కన పెట్టుకుని, నేల మీద పక్కకి ఒరిగి, తలా భుజమూ అల్మారాలోకి దూర్చాడు. తడిమట్టి వాసన. దాని వెనకే తలనూనె వాసన, ఎవరో అప్పుడే జడ వేసుకుని లేచినట్టు. స్క్రూ కన్నాలు పెద్దవైపోయాయి. అగ్గిపుల్లలు విరిచి, జిగురు అద్ది, కన్నాల్లో కుక్కాడు. రెండు స్క్రూలు బాగానే పట్టాయి. మూడోది వేళ్ళ సందులోంచి జారి, లోపలికి దొర్లింది.

దొర్లుతూనే ఉంది...

ఆ అల్మారా లోతు చూస్తే మూరన్నర మించదు.

చెయ్యి చాపి తడిమాడు. అందలేదు. ఆవిడ తిరిగొచ్చిందేమో అనుకుని, "ఆ స్క్రూ కాస్త అందిస్తారా అమ్మా," అన్నాడు.

అరచేతిలో స్క్రూ పడింది. మంచుముక్కలా ఉంది.

అదే సమయంలో హాల్లో టీచరమ్మ ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతోంది.

అతను చెయ్యి చాపింది బయటికి కాదు... లోపలికి.

"గట్టిగా బిగించు." చెవి పక్కనే గుసగుస. చిన్నపిల్ల గొంతు. "ఆవిడ తియ్యకుండా."

లైటు ఆరిపోయింది. వెనక్కి జరగబోతే చొక్కా కాలరు పట్టుకున్నాయి, సన్నటి వేళ్ళు. లాగడం లేదు. పట్టుకున్నాయంతే... జడుసుకున్న పిల్లలు పట్టుకున్నట్టు.

కళ్ళు మూసుకుని తిప్పాడు. మూడో స్క్రూ. నాలుగో స్క్రూ. ఎలా బిగించాడో అతనికే తెలీదు. అప్పుడు వదిలాయి వేళ్ళు.

బయటపడి తలుపు మూశాడు. టక్కున కూర్చుంది. లేచి తిరిగేసరికి గుమ్మంలో టీచరమ్మ. ఎప్పటినుంచి నిలబడిందో.

"ఏమంది మీతో?" మెల్లగా అడిగింది.

"ఎవరమ్మా?"

"నాతో అయితే మాట్లాడదు. ఎంత బతిమాలినా."

మేస్త్రీ ఇంకేమీ వినదలచుకోలేదు. సంచి చంకన పెట్టుకుని, వానలో తడుస్తూనే ఇంటికొచ్చి పడ్డాడు. భార్య ఏమైందని అడిగితే చలి అన్నాడు. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

తెల్లారి టీచరమ్మ ఫోన్.

"బాగా బిగించారు మేస్త్రీ. ఎంత లాగినా తలుపు రావడం లేదు."

"స్క్రూలు... కాస్త వదులు చేస్తే వస్తుందమ్మా."

"బందు లోపల కదా ఉంది."

ఆవిడ గొంతు తగ్గించింది.

"తలుపుకి చెవి ఆనించి కూర్చున్నాను. నిన్నటినుంచీ లోపల ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. ఒకటి పాప గొంతు."

"రెండోది?"

"మీదే, మేస్త్రీ."

నేను ఇంట్లోనే ఉన్నానమ్మా అని చెబుదామని నోరు తెరిచాడు.

పెదాలు కదిలాయి. ఆ మాట మాత్రం ఫోన్‌లోంచి, ఆ తలుపు వెనకనుంచి వినిపించింది.