పాడేరు ఎండ, ఒషావా మంచు

“వచ్చేసింది!” కెనడాలోని ఒషావాలో, లోహిత్ అద్దెకుంటున్న బేస్‌మెంట్ మెట్లు దిగీ దిగకుండానే మధుమిత అరిచింది. బూట్లకున్న మంచు అంతా పట్టా మీద రాలింది. “లోహిత్, సెలెక్ట్ అయ్యాం! డెమో ఒక్కటి చూపిస్తే మన సోలార్ లాప్‌టాప్‌లు అమ్మ వాళ్ళ బడికే పంపిస్తారట. ఇప్పుడే కాలేజీ నుంచి మెయిల్!”

పాడేరు పైన, కరెంటు స్తంభాలు ఎక్కలేకపోయిన కొండ మీద ఉంది ఆ బడి. మధుమిత వాళ్ళమ్మ సరోజన అక్కడ టీచరు. మబ్బు పడితే బోర్డు మీద అక్షరాలు కనబడవని మధుమిత ఒకసారి చెప్పింది. అప్పటి నుంచీ లోహిత్‌కి ఆ బడంటే ప్రేమ. బడంటేనేనా అని రూమ్మేట్లు అడిగితే మాత్రం అతని చెవులు ఎర్రబడేవి.

ఇప్పుడూ ఎర్రబడ్డాయి. ముఖం మాత్రం వాడిపోయింది.

“ఏంటి? ఎగిరి గంతేస్తావనుకుంటే!”

“డెమో ఎప్పుడు?”

“ఎల్లుండి. గంటసేపు ఉత్త ఎండ మీద నడిపి చూపించాలి. అంతేగా?”

“అది వారం నుంచి చార్జ్ అవట్లేదు మధూ. నీ సాఫ్ట్‌వేరే బ్యాటరీని తాగేస్తోంది.”

మధుమిత నవ్వు టక్కున ఆగిపోయింది. “ఓహో! వారం నుంచి తెలిసీ నాతో అనలేదు. ఇప్పుడు తప్పు నాదా?”

“నీదని కాదు...”

“అదే అన్నావు. పానెల్ ఎక్కడ?”

“వెనక, అంకుల్ వాళ్ళ డెక్ మీద.”

ఇంటి ఓనరు వీరభద్రరావు గారు పెరటి వైపు చెక్కలతో కట్టించుకున్న డెక్ మీదికి ఆమె విసవిసా నడిచింది. లోహిత్ సాక్సుల మీదే చెప్పులు తగిలించుకుని వెనకే పరిగెత్తాడు.

పానెల్ కనబడలేదు. తెల్లటి మంచు దిమ్మె ఒకటుంది. దాని కిందనుంచి ఓ వైరు బయటికి తొంగిచూస్తోంది.

మధుమిత నడుం మీద చేతులు పెట్టుకుంది. “ఇది కూడా నా సాఫ్ట్‌వేరే చేసిందా?”

“తెల్లారకముందే డ్యూటీకెళ్తాను, చీకటి పడ్డాక వస్తాను. ఇవాళేమో సెలవని ఇప్పటిదాకా పడుకున్నా. లోపల వైర్లే చూశాను గానీ...”

ఆమె గ్లవ్‌తో మంచు తుడిచింది. “స్టాండ్ ఇంతలా పడుకోబెట్టావేంటి? ఇక్కడి ఇళ్ళ కప్పులు చూడు. కాస్త నిలబెడితే మంచు అదే జారిపోయేది కదా. ఈ వాలు నీకెవరు చెప్పారు?”

“పాడేరు.”

“ఆఁ?”

“అక్కడి నడినెత్తి ఎండకి లెక్కేసి బిగించాను. మీ అమ్మగారి బడి వరండాలో ఎలా పెట్టాలో అలా. బిగిస్తున్నప్పుడు ఒషావా గుర్తే రాలేదు. ఆ వరండా, ఆ పిల్లలు, నువ్వు చెప్పినవన్నీ...” లోహిత్ చెప్పుల కేసి చూసుకున్నాడు. “ఎక్కువగా నువ్వే.”

మధుమిత మంచు తుడవడం ఆపి అతనికేసి చూసింది.

“ఇంజినీరు గారూ, కాలేజీ కెనడాలో. మనసు మాత్రం మా ఊళ్ళో అద్దెకుంటోందా?”

“అద్దె ఎక్కడ? ఓనరమ్మ ఇంకా రూమే ఇవ్వలేదు. సారీ మధూ. నీ సాఫ్ట్‌వేర్‌ని అలా అనకూడదు.”

ఆమె తన టోపీ తీసి అతని ఎర్రటి చెవుల మీదికి లాగింది. “గడ్డకట్టుకుపోతావ్. ముందు స్క్రూడ్రైవర్ తే.”

ఇద్దరూ కలిసి పానెల్‌ని పైకి లేపారు. వేళ్ళు తగిలాయి, స్క్రూ మంచులో పడింది. అంత చిన్న డెక్ మీద దాన్ని వెతకడానికి అంతసేపు పట్టాల్సిన పని లేదు. చివరి మంచు పెళ్ళ జారిపోగానే, వైరు చివరనున్న చార్జింగ్ డబ్బా మీద ఆకుపచ్చ లైటు మినుకుమంది. అంతలోనే సూర్యుడు పక్కింటి కప్పు వెనక్కి వెళ్ళిపోయాడు.

“రేపు ఫుల్ ఎండట,” అంది మధుమిత. “షిఫ్ట్ మార్చుకో. పొద్దున్నే లేక్ దగ్గరికి తీసుకెళ్దాం, అక్కడ ఎండకి అడ్డుండదు. గంట నడిచిందంటే, అదే లాప్‌టాప్‌లోంచి అమ్మకి వీడియో కాల్ చేస్తాను. నువ్వు నా పక్కనే కూర్చోవాలి.”

“ప్రాజెక్ట్ పార్ట్‌నర్‌గానా?”

“అది అమ్మకి చెప్పేటప్పుడు వింటావుగా. గడ్డం మాత్రం గీసుకుని రా!”