దీపస్తంభం కింద కుర్చీ

వీధిదీపం పరీక్షిస్తున్న ఇంజనీరు క్రేన్ తొట్టిలోంచి కిందపడి చనిపోయాడు. పోలీసులు ప్రమాదమన్నారు. సీక్రెట్ సర్వీస్ చీఫ్ మాత్రం పోస్ట్‌మార్టం ఫోటోను బల్ల మీదుగా ఏజెంట్ వైపు తోశాడు. సర్వీసులో ఆ ఏజెంట్‌ని ముంగిస అంటారు.

"మెడ మీద సూది గుర్తు. పడకముందే ప్రాణం పోయింది."

"ఎవరికి అడ్డొచ్చాడు సార్?"

"పక్క నగరాలన్నీ తిరిగి అందరినీ ఒప్పించాడు. అందరూ కలిసి ఎల్ఈడీ దీపాలు కొనాలి, ఒకే నెట్‌వర్క్ మీద నడపాలి. కరెంటు ఖర్చు సగానికి దిగుతుంది. పాత దీపాలు అమ్ముకునే విదేశీ ముఠాకి అది మింగుడుపడలేదు. రేపు సాయంత్రం అన్ని నగరాల్లోనూ ఒకేసారి ప్రారంభం. ఈలోగా ఏదో చేస్తారు."

"వీధిదీపాల కోసం మనిషిని చంపారా?"

"వాళ్ళు దేనికైనా చంపుతారు. మన చౌరస్తాలో ప్రారంభ సభ దగ్గర వెన్నెల నిన్ను కలుస్తుంది."

వెన్నెల ఆ ముఠా బాస్‌కి ఇంటర్‌ప్రెటర్. రహస్యంగా సర్వీస్‌కి ఇన్‌ఫార్మర్ కూడా.

మర్నాడు ముంగిస ఖాకీ చొక్కా, పెట్టుడు మీసంతో లైన్‌మన్‌గా చౌరస్తా చేరాడు. చేతిలో వెలుగు కొలిచే మీటరు. దాని లోపల సర్వీస్ వాళ్ళు అమర్చిన డిటెక్టర్ ఉంది, బాంబు పేల్చే రిమోట్ ఏదైనా దగ్గరికొస్తే వణుకుతుంది. కొత్త దీపస్తంభాన్ని ఆనుకుని వేదిక. పెద్ద తెర మీద మిగతా నగరాల మేయర్లు తమ తమ స్తంభాల కింద నిలబడి కనిపిస్తున్నారు. నగరాల సమాఖ్య కార్యదర్శి మైకు ముందు ఏడుస్తున్నాడు.

"ఇంజనీరు నాకు తమ్ముడిలాంటివాడు."

పట్టుచీర, నల్లకళ్ళద్దాలతో ఒకామె పక్కకొచ్చి నిలబడింది.

"ఈ దీపం కళ్ళకి హాయిగా ఉంటుందా?"

"కొన్నాళ్ళు అలవాటు పడాలి మేడమ్."

కోడ్ సరిపోయింది. వెన్నెల గొంతు తగ్గించింది.

"ప్రతి నగరంలోనూ వేదిక మీది దీపంలో బాంబు పెట్టారు. ఒక్క రిమోట్ నొక్కితే అన్నీ పేలతాయి. ఇక ఏ ఊరూ పక్క ఊరితో కలవదు. రిమోట్ మా బాస్ కోటు జేబులో ఉంది. జనాన్ని కదిలించకు, అనుమానమొస్తే వెంటనే నొక్కేస్తాడు."

ముంగిస వెలుగు కొలుస్తున్నట్టు నటిస్తూ చివరి వరసలో కూర్చున్న బాస్‌ని రాసుకుంటూ వెళ్ళాడు. మీటరు ఉలకలేదు, పలకలేదు. వెనక్కి తిరిగి చూస్తే, వెన్నెల కార్ల వైపు గబగబా నడుస్తోంది.

అబద్ధం చెప్పిందన్నమాట. మరి రిమోట్ ఎవరి దగ్గరుంది?

అప్పుడు కనిపించింది అతనికి. కార్యదర్శి ప్రసంగం ముగించి, దీపం కిందున్న తన కుర్చీని వదిలి, వేదిక మెట్లు దిగి దూరంగా నిలబడ్డాడు. ఇంజనీరు భార్యను పిలిచి ఆ కుర్చీ చూపించాడు.

"అక్కడ కూర్చోమ్మా. మీ ఆయన తెచ్చిన వెలుగు ముందు నీ మీదే పడాలి."

ఆమె నిద్రపోతున్న పాపను భుజాన వేసుకుని వెళ్ళి కూర్చుంది.

ముంగిస జనాన్ని తోసుకుంటూ కార్యదర్శి వెనక్కి చేరాడు. మీటరు అరచేతిలో గిలగిలా కొట్టుకుంది. కార్యదర్శి చెయ్యి జేబులో దూరింది.

"మూడు," అన్నాడు వేదిక మీద స్విచ్ దగ్గర నిలబడ్డ ఈ ఊరి మేయర్. "రెండు..."

ముంగిస ఆ మణికట్టు పట్టుకుని మెలిపెట్టాడు. కార్యదర్శి వేలు పటుక్కుమంది. కారు తాళంలాంటి రిమోట్ ముంగిస గుప్పిట్లో పడింది.

"ఎవరయ్యా నువ్వు?"

"లైన్‌మన్‌ని సార్. లూజ్ కనెక్షన్ సరిచేస్తున్నా."

మేయర్ బటన్ నొక్కాడు. తెల్లటి వెలుగు తల్లీబిడ్డల మీద పడింది. తెర మీద ఒక్కో నగరమూ వెలిగింది. జనం చప్పట్లు కొట్టారు. విరిగిన వేలు పట్టుకునే కార్యదర్శి జనం వైపు పళ్ళికిలించాడు.

ముంగిస సైగ చేయగానే మఫ్టీలో ఉన్న మనుషులు కార్యదర్శినీ బాస్‌నీ అదుపులోకి తీసుకున్నారు. వేదిక మెల్లగా ఖాళీ చేయించి దీపం దింపించారు. అన్ని నగరాలకూ ఫోన్లు వెళ్ళాయి. కారు దగ్గర దొరికిన వెన్నెల లిప్‌స్టిక్ సరిచేసుకుంటూ అంది:

"రెండు వైపులా జీతం తీసుకున్నాను. చెరి సగం పనిచేశాను. ఇందులో మోసమేముంది?"

వ్యాన్‌లో కార్యదర్శి ఈసారి నిజంగానే ఏడ్చాడు.

"సముద్రం కనిపించే ఇల్లిస్తామన్నారు బాబూ. వాళ్ళ దేశంలో."

"ఇంజనీరు భార్యని ఆ కుర్చీలో ఎందుకు కూర్చోబెట్టారు?"

"కుర్చీ ఖాళీగా ఉంటే ఫోటోలో బాగోదని."

ముంగిస ఆఫీసుకి చేరగానే నేరుగా కుళాయి దగ్గరికి వెళ్ళాడు. సబ్బుతో ఎంత రుద్దినా ఆ మనిషి చెమట ఇంకా అరచేతికి అంటుకునే ఉన్నట్టుంది. ఫోన్ మోగింది.

"శభాష్," అన్నాడు చీఫ్. "ఈ సక్సెస్‌కి ఏం కావాలో అడుగు."

"ఇంకో సబ్బు పంపించండి సార్. ఇది అరిగిపోయింది."