కన్ను తెరవని శాంపిల్

ఆషాఢ అమావాస్య... మిట్టమధ్యాహ్నం!

అర్ధరాత్రికి మాత్రమే భయపడే అమాయకులకు తెలియదు, అమావాస్యనాటి మిట్టమధ్యాహ్నం దానికి అక్క లాంటిదని! వర్ధన్నపేట దారిలో మూతబడిన పాత పత్తి మిల్లు మీద కారుమేఘాలు కమ్ముకున్నాయి. ఫెళఫెళమంటూ పిడుగు పడింది. పగలు కూయకూడని గుడ్లగూబ మిల్లు దూలం మీద కూర్చుని మరీ కూసింది...

లోపల, నల్లటి ముగ్గు మధ్యలో ఒక కపాలం. దాని నుదుట కుంకుమ. దాని పక్కనే లాప్‌టాప్!

కపాలం ముందు కూర్చున్న మాంత్రికుడు వీరభద్రం వికటంగా నవ్వాడు. ముఖం చూస్తే కాటికి కాళ్లు చాపిన ముసలివాడు... చేతులు చూస్తే నవయువకుడివి! నున్నగా, పుష్టిగా మెరిసిపోతున్న ఆ వేళ్ల సత్తువ వాడిది కాదు. అదంతా చిత్రకారుల దగ్గర కాజేసిన సొత్తు!

ఎలాగంటారా? కాలంతో పాటు క్షుద్రులూ మారారు. పూర్వం తలవెంట్రుకల కోసం, పాదధూళి కోసం పెరటిగోడలు దూకాల్సి వచ్చేది. ఇప్పుడా శ్రమ లేదు. బొమ్మల పనులు కుదిర్చే వెబ్‌సైట్‌లో ఒక ప్రకటన చాలు. ‘నవలలకు ముఖచిత్రాలు గీసే డిజిటల్ ఆర్టిస్టులు కావలెను. ముందుగా ఉచిత శాంపిల్ పంపాలి. నచ్చితే మంచి పారితోషికం.’ అంతే! చీమలబారులా దరఖాస్తులు వచ్చిపడేవి. పాపం, పని కోసం మొహం వాచిన పిల్లలు.

మూల్యం ముట్టని చిత్రంలో, గీసిన మనిషి ప్రాణశక్తి చిక్కుకుని ఉండిపోతుంది. అదే వాడి తంత్రానికి మూలం! ఒక్క రూపాయి చెల్లించినా ఆ బంధం తెగిపోతుంది. అందుకే ఎవరికీ చెల్లించడు. బొమ్మ రాగానే ప్రింటు తీసి కపాలం కింద పెడతాడు... మంత్రం చదువుతాడు... గీసిన చెయ్యి చచ్చుబడుతుంది! డోర్నకల్ కుర్రవాడు మధు చెయ్యి అలాగే పడిపోయింది. డాక్టర్లు నరాల జబ్బన్నారు. చుట్టాలైతే ‘బొమ్మలేస్తే బువ్వొస్తదా, మంచిగైంది’ అన్నారు. చుట్టాల నోటి ముందు చేతబడి ఏపాటి!

ఇప్పుడు ఆ వలలో చిక్కిన లేడిపిల్ల పేరు ప్రేమలత. నెక్కొండ నుంచి వచ్చి వరంగల్ శివనగర్‌లో, పద్మ అనే స్నేహితురాలితో కలిసి ఒక గదిలో ఉంటోంది. ట్యాబ్ మీద బొమ్మలు గీయడం తప్ప ఆమెకు మరో బతుకుతెరువు లేదు. ఆమె పంపిన శాంపిల్‌కు వెంటనే జవాబు వచ్చింది. ‘అద్భుతం. నీకు గొప్ప భవిష్యత్తు ఉంది. ఇంకొక్క చిన్న మార్పు...’

ఈ కాలపు వశీకరణ మంత్రం ఇంతకన్నా వేరే ఉంటుందా! మార్పు వెంట మార్పు చేసి పంపింది. పంపిన ప్రతిసారీ కుడిచేతి వేళ్లు మంచుగడ్డల్లా చల్లబడ్డాయి.

“గోర్లు సూస్కున్నవానే? నల్లగైనయ్! దవాఖానకు పోదాం పా,” అంది పద్మ భయంగా.

“జర ఆగవే. ఇది ఒప్పుకున్నరంటె వరుసగ పనిస్తమన్నరు,” అంది ప్రేమలత. ఆశ చెడ్డది!

చివరి మార్పు ఆ అమావాస్య పొద్దున వచ్చింది. ‘ఉగ్రరూపంలో అమ్మవారిని గీసి పంపు. మధ్యాహ్నం దాటకూడదు.’ వేళ్ల సత్తువతో ఆ నీచుడి దాహం తీరలేదు. అమ్మవారినే తన కపాలానికి కట్టేసి, చావు లేని బతుకు బతకాలని వాడి దురాశ!

చచ్చుబడుతున్న కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, పళ్లు బిగించి గీసింది ప్రేమలత. జటలు, కోరలు, త్రిశూలం... అన్నీ వచ్చాయి. కళ్ల దగ్గర చెయ్యి ఆగింది. ఊళ్లలో పోచమ్మ గుళ్ల గోడల మీద దేవతలను దిద్దే మొగిలయ్య కూతురామె. ఆ ఇంటి పద్ధతి ఆమెను ఆపింది. తండ్రికి ఫోన్ చేసింది.

“బాపూ, పైసలింక రాలే. అమ్మవారికి కండ్లు దిద్దాల్నా?”

అవతల మొగిలయ్య గట్టిగా అరిచాడు. “వద్దు బిడ్డా! చేసిన పనికి కట్నం ముట్టందే కన్ను తెరువద్దు. తెరిసినా ఎదురంగ నిలవడి తెరువద్దు. అద్దం వట్టాలె, అద్దంల సూస్కుంట దిద్దాలె. తల్లి మొదటి సూపు మనిషి మీద వడ్డదంటె కాలి బుగ్గే!”

తెల్లటి గుంటల్లాంటి కళ్లతోనే చిత్రాన్ని పంపింది. కింద ఒక్క ముక్క రాసింది. ‘కళ్లు పేమెంట్ తర్వాత.’

మిల్లులో వీరభద్రం కొరివిదయ్యంలా ఎగిరిపడ్డాడు! ‘తక్షణం కళ్లు గియ్యి! లేకపోతే నీకు ఒక్క స్టార్ రేటింగే ఇస్తాను. జన్మలో నీకిక పని దొరకదు!’

ప్రేమలత నిలువెల్లా వణికింది. కపాలాన్ని చూసినా ఆమె అంత వణికేది కాదు! అయినా ఎడమచేత్తో టైపు చేసింది. ‘ముందు డబ్బు.’

ముహూర్తం దాటిపోతోంది... డబ్బిస్తే తంత్రం చెడుతుంది... ఇవ్వకపోతే కళ్లు రావు! పిసినారి బుద్ధి వాడికి ఒకటే దారి చూపింది. కాజేసిన సత్తువతోనే పెన్ను అందుకుని, తెర ఎదుట కూర్చుని, అమ్మవారి కళ్లు తనే దిద్దాడు. అద్దం లేదు. కట్నం లేదు.

“ఓం హ్రీం ఫట్! లే... నాకు దాసివై లే!”

ఆకాశం బద్దలైంది!

అదే క్షణంలో శివనగర్ గదిలో ప్రేమలత కొప్పు ఊడిపోయింది. కళ్లు చింతనిప్పులయ్యాయి. గొంతు ఆమెది కాదు! “ఎవడ్రా నా కన్ను తెరిసింది? నా బిడ్డ చేతికి కట్నం ఇయ్యలే! నా మొకానికి అద్దం వట్టలే! నన్ను దాసి అంటవార?” గోడలు దద్దరిల్లాయి. పద్మ ఏడుస్తూ పసుపునీళ్లు చల్లింది. “శాంతించు తల్లీ... శాంతించు!”

మిల్లులో, తెర మీది కళ్లు మెల్లగా కదిలి వీరభద్రం మీద నిలిచాయి. మొదటి చూపు! వాడి వేళ్లు ఒక్కొక్కటే ఎండి, వంకర్లు పోయి, భగ్గున అంటుకున్నాయి.

“అమ్మా! ఇస్తా... అందరికీ డబ్బులిస్తా!” అని కేకపెట్టాడు. ఆ మాట వాడి నోట రావడం అదే మొదటిసారి. అదే ఆఖరిసారి. కపాలం పెటిల్లున పగిలింది. చిత్రాలన్నీ కాలిపోయి, వాటిలో చిక్కిన సత్తువ ఎవరిది వారికి చేరింది. మిగిలింది గుప్పెడు బూడిద!

సాయంత్రానికి ప్రేమలత వేళ్లలోకి వెచ్చదనం వచ్చింది. గోళ్లు ఎర్రబడ్డాయి. కుడిచేతిని కళ్లకద్దుకుని వెక్కివెక్కి ఏడ్చింది. పోయిందనుకున్న చెయ్యి కదా మరి! తర్వాత ఆ పని చూపించిన వెబ్‌సైట్‌లో ఫిర్యాదు పెట్టింది. జవాబు క్షణంలో వచ్చింది. ‘ఆ క్లయింటు ఖాతా ఇప్పుడు లేదు. ఉచిత శాంపిళ్లకు మా బాధ్యత ఉండదు.’ అమ్మవారి కోపం ఆ గుమ్మం దాకా పోలేదు.

గది అద్దె కట్టాలి. కొత్త పనుల కోసం వెతికింది. పిల్లల పుస్తకానికి బొమ్మలు కావాలట. ‘రెండు బొమ్మలు ఊరికే వేసి చూపించగలరా? తర్వాత మాట్లాడుకుందాం’ అని రాశాడు ఒక పెద్దమనిషి. మర్యాదస్తుడే. వాడి దగ్గర కపాలం లేదు, వాడికి మంత్రం రాదు. అలాంటివాళ్ల మీదికి ఏ దేవతా రాదు.

ప్రేమలత అద్దె లెక్క వేసుకుంది. చివరికి ‘సరే సార్’ అని రాసి, పోయి వచ్చిన వేళ్లతోనే పెన్ను పట్టుకుంది.