జ్యేష్ఠంలో ఈనిన జొన్న

1948 జూన్. మహబూబాబాద్ స్టేషన్‌లో బండి కదిలే వేళకు భద్రయ్య ప్లాట్‌ఫారం మీద కుప్పకూలాడు. వీపులో ఒకే ఒక్క తూటా. దొరలను ఎదిరించే సంఘానికి కొరియర్‌గా రెండేళ్లు ఎవరికీ దొరకని మనిషి. అతని గుప్పిట్లో ఓ పచ్చి జొన్న కంకి ఉంది.

మర్నాడు భూపాలపల్లి అడవిలో ఆ కంకిని సోమనర్సయ్య మధుకర్ ముందు పెట్టాడు. సోమనర్సయ్య సంఘం ఇంటెలిజెన్స్ చీఫ్. మధుకర్ ఆయన బెస్ట్ ఏజెంట్. పట్నంలో చదివాడు, పది వేషాలు వేయగలడు. నాగలి మాత్రం ఎన్నడూ పట్టలేదు.

"జ్యేష్ఠంల జొన్న ఏడన్న ఈనుతదా?" అన్నాడు చీఫ్.

మధుకర్‌కు తెలియదు. తెలియదని ముఖంలో కనబడనివ్వలేదు.

"మన పచ్చజొన్నకు రాత్రులు పొడుగైతెనే పూత. తొలకరికి ఏసినా, నెల ఆలస్యంగ ఏసినా దసరా దాటాలె. అందాక పెరుగుడే దాని పని. రెండు నిలువుల ఎత్తు. బచ్చన్నపేట దళం ముప్పై మంది ఏటా దాక్కునేది అండ్లనే. గిది రాత్రిని లెక్కజేస్తలేదు. ఎవడు తెచ్చిండో, ఎందుకు తెచ్చిండో కనుక్కో."

"అట్లనే అన్నా."

రెండు రోజులకు గ్రామఫోన్ మెకానిక్ ఒకడు జనగామలో దొర బంగళా మెట్లెక్కాడు. దొరకు తుపాకులు చేరవేసే విదేశీ ముఠా నాయకుడు వాకర్ అక్కడే దిగాడు. కాగితాల మీద అతను అమెరికా విత్తనాల సైంటిస్టు. వాకర్ కోసం పాటలు పాడేది లీలావతి. జరీ పట్టుచీర, అత్తరు. ఆమె తన గూఢచారి అని వాకర్ అనుకుంటాడు. తన మనిషేనని సోమనర్సయ్యా అనుకుంటాడు.

"సూది అరిగింది," అంది లీలావతి.

"పాట మార్చమంటారా?" అన్నాడు మెకానిక్.

కోడ్ కలిసింది. ఆమె గొంతు తగ్గించింది.

"వాళ్ల దేశంలో మెషిన్‌తో కోయడానికి ఎంచి ఎంచి పెంచిన పొట్టి జొన్న అది. రాత్రుల కోసం ఆగే గుణం దాని జన్యువులో పోయింది. అరవై రోజులకే పూత, నడుం ఎత్తు. దొర ధర్మం పేరుతో నలభై బస్తాలు బచ్చన్నపేటకు పోయినయి. రేపు పొద్దున విత్తుతరు. భాద్రపదంలో చేన్లు కోసి ఖాళీ చేయంగనే మూడు వందల తుపాకులు దిగుతయి. భద్రయ్య కంకి తెంపింది వాకర్ పూలకుండీలో నుంచే."

"భద్రయ్య సంగతి వాకర్‌కు ఎవరు చెప్పిండ్రు?"

లీలావతి రికార్డు మీద సూది పెట్టింది. చెప్పింది ఆమేనని మధుకర్‌కు అర్థమైంది.

తెల్లవారేసరికి అతని సైకిల్ బచ్చన్నపేట మెట్ట చెలకలోకి దూసుకుపోయింది. విత్తే గొర్రు అప్పటికే కట్టారు. ఊరి విత్తనం మొదటి గింజ సత్తమ్మ చేతి మీదుగా పోవడం అక్కడి ఆచారం. అందరిళ్ల కంకులూ ఆమె పొయ్యి పైన, పొగ తగిలే దూలానికి వేలాడుతుంటాయి. ఇప్పుడామె గుప్పిట్లో ఉన్నవి మాత్రం దొర గింజలు.

"ఆగు అవ్వా!"

గుప్పిలి విప్పబోయి ఆగింది సత్తమ్మ. మధుకర్ పిస్తోలు తీశాడు, విషయం రెండు ముక్కల్లో చెప్పాడు, కిరసనాయిలు తెమ్మన్నాడు.

"విత్తనం కాలుస్తరా కొడుకా? పగోనిదైతే ఏంది, విత్తనం విత్తనమే. జర నా మాట ఇను..."

"టైం లేదు అవ్వా."

నలభై బస్తాలూ తగలబడ్డాయి. ఊరివాళ్లు సత్తమ్మ దూలానికున్న పాత కంకులు దించి విత్తారు.

భాద్రపదం చివర మూడు వందల తుపాకులూ వచ్చాయి. ఎదురుగా రెండు నిలువుల ఎత్తున పచ్చటి జొన్న నిలబడి ఉంది. లోపలికి పోయే దమ్ము ఎవడికీ లేకపోయింది. దళంలో ఒక్కడూ దొరకలేదు.

దళాన్ని లెక్కపెట్టుకోవడానికి మధుకర్ విజయగర్వంతో వచ్చాడు. ఊళ్లో ఒక్క పొయ్యి కూడా పొగ రావడం లేదు. పోయినేటి గింజలు అయిపోయాయి, కొత్త కంకి దసరా దాటితే గాని రాదు. సాంబయ్య ఇద్దరు పిల్లలను ఆ వారంలోనే పూడ్చారు.

సత్తమ్మ పెరట్లో మాత్రం కంకులు కోసిన పొట్టి జొన్న కొయ్యలు, నడుం దాకా ఉన్నాయి. గిన్నెలో జొన్న గట్క పోసి అతని ముందు పెట్టింది.

"ఆ పొద్దు నువ్వు మంట పెట్టకముందే కొంగుల ఇంత మూటగట్టిన. పది దినాల సంది మీ ముప్పై మంది తింటున్నది గిదే. సాంబయ్య పోరగాండ్లకు అందలే."

మధుకర్ గిన్నె అందుకున్నాడు.

"పొడుగుది దళం ఉన్న కాడ ఏద్దుము, పొట్టిది ఊరి పొంటి ఏద్దుము. మీరు దాక్కుందురు, మేము తిందుము. గదే చెప్పబోయిన. ఇననే ఇనకపోతివి."

మధుకర్‌కు సిగ్గేసింది. అయినా ఆకలి ఆకలే, గట్క దిగింది. అక్కడే కూర్చుని చీఫ్‌కు రిపోర్టు రాశాడు: 'శత్రువు విత్తనం ఒక్క గింజ మిగలకుండా నాశనం చేయడమైనది.'

సంతకం పెట్టి, ఖాళీ గిన్నె మళ్లీ ముందుకు చాపాడు.