నడుము దగ్గర విప్పిన కుట్లు

"మా వదిన అమ్మకి విషం పెడుతోంది సార్!"

ఆ మాట అంటూనే ఒక స్త్రీ గదిలోకి వచ్చింది. డిటెక్టివ్ ఆమెను కూర్చోమన్నాడు. ఊళ్ళో ఆయనకి గద్దకన్ను అని పేరు. ఆ చూపు మీద అందరికంటే ఎక్కువ నమ్మకం ఆయన సహాయకురాలికే.

"ఎలా తెలుసు?"

"అన్నయ్య రెండో పెళ్ళి చేసుకుని ఈవిడ వంటింట్లో అడుగుపెట్టినప్పట్నుంచీ అమ్మ పొట్ట ఉబ్బిపోతోంది. మందుల షాపువాడు గ్యాస్ అని ఇచ్చిన గోలీలన్నీ మింగింది. తగ్గితే ఒట్టు!"

మధ్యాహ్నం డిటెక్టివ్, సహాయకురాలు ఆ ఇంటికి వెళ్ళారు. తల్లి కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. చేతులు పుల్లల్లా ఉన్నాయి, పొట్ట మాత్రం నిండు చూలాలిలా ఉంది. నైటీ నడుము దగ్గర కుట్లు విప్పి వేరే గుడ్డ అతుకు వేసుకుంది.

"పొట్ట ఎప్పుడైనా తగ్గుతుందా అమ్మా?"

"పొద్దున లేచినా ఇంతే నాయనా. రెండు ముద్దలు తింటే గొంతుదాకా వచ్చేస్తుంది." మాట పూర్తికాకుండానే మళ్ళీ బాత్రూంకి లేచింది.

వంటింట్లో కోడలు కళ్ళు తుడుచుకుంది. "అందరం ఒకే గిన్నెలోది తింటాం సార్. ఆడపడుచు ఇంట్లో నెల ఉండొచ్చినా అత్తయ్యకి తగ్గలేదు. నేను చెప్తే ఎవరు వింటారు? ఈమధ్య తన బట్టలు కూడా నన్ను ముట్టుకోనివ్వట్లేదు. తలుపేసుకుని తనే ఉతుక్కుంటోంది."

"ఆధారం దొరికిందా సార్?" సహాయకురాలు ఆత్రంగా అడిగింది.

"దొరక్కపోతే బాగుండేది" అన్నాడాయన.

సాయంత్రం అందర్నీ ముందుగదిలో కూర్చోబెట్టాడు. కొడుకు తన భార్య మొహం చూడకుండా కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"ఇక్కడ ఎవరూ విషం పెట్టలేదు. కూతురి వంట తిన్నా తగ్గని పొట్టకి కోడలి వంట ఎలా కారణమవుతుంది? గ్యాసో, మలబద్ధకమో, పాలు పడకపోవడమో అయితే ఒకరోజు పెరిగి ఇంకోరోజు దిగుతుంది. ఇది దిగడంలేదు. మనిషి చిక్కిపోతోంది, పొట్ట పెరుగుతోంది, తిండి సహించడంలేదు, మాటిమాటికీ బాత్రూంకి వెళ్తోంది. లోపల నీరు చేరిందేమో, ఏదైనా గడ్డ ఉందేమో! కాలేయమా, గుండెనా, అండాశయమా అన్నది డాక్టర్లే తేల్చాలి. కానీ..." ఆయన గొంతు తగ్గించాడు. "ఆ బట్టల సంగతి మీరే చెప్పాలమ్మా."

ఆమె తల వంచుకుంది. "ముట్లుడిగి ఎన్నో ఏళ్ళయింది. మళ్ళీ మరకలు కనిపిస్తున్నాయి. ఈ వయసులో ఆ మాట ఎవరితో అననూ? సిగ్గుతో చచ్చిపోయాను."

మర్నాడే స్కానింగ్ తీయించారు. తర్వాత పరీక్షల్లో అండాశయంలో పుట్టిన కేన్సర్ కడుపంతా పాకిందని తేలింది. వైద్యం చేస్తాం గానీ ఏ మాటా ఇవ్వలేమంది డాక్టరు.

ఆసుపత్రి వరండాలో కూతురు డిటెక్టివ్‌కి అడ్డుపడింది. "వదిన మీద నేను పెట్టిన కన్ను అమ్మ మీద పెట్టి ఉంటే, ముందే తీసుకొచ్చి ఉంటే, దక్కేదా సార్?"

"వెళ్ళి ఆమె పక్కన కూర్చోండమ్మా" అన్నాడాయన. సహాయకురాలు గది తలుపు తీసి పట్టుకుంది. 

గదిలో కోడలు అత్తగారి తల ఒళ్ళో పెట్టుకుని చెంచాతో నీళ్ళు పడుతోంది. కూతురు "వదినా" అని పిలవబోయింది.  మొహం చెల్లక గుమ్మంలోనే నిలబడిపోయింది.